కొత్త గిటార్‌కి పాత గీతలు.. ధర లక్షల్లో! వింటేజ్ స్టైల్ ఎలక్ట్రిక్ గిటార్లకు ఎందుకింత క్రేజ్?

పెయింట్ లేచిపోయి ఉంటుంది. స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. చెయ్యి ఆనే చోట చెక్క బయటపడి ఉంటుంది. చూస్తే అరవై ఏళ్లు స్టేజీల మీద తిరిగిన గిటార్‌లా అనిపిస్తుంది. కానీ అది ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే వచ్చిన సరుకు! పైగా తళతళలాడే కొత్త గిటార్ కంటే దీని ధరే ఎక్కువ. అయినా గిటార్ ప్రియులు ఎగబడి కొంటున్నారు. ఇంతకీ ఈ మోజు ఎక్కడ మొదలైంది? పెట్టిన డబ్బుకు నిజంగా దక్కేదేంటి?

రేడియో మెకానిక్ చేతిలో పుట్టిన గిటార్

ఈ కథ అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలవుతుంది. ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1950ల మొదట్లో టెలీకాస్టర్‌ను, 1954లో స్ట్రాటోకాస్టర్‌ను మార్కెట్లోకి తెచ్చారు. విచిత్రం ఏంటంటే ఆయనకు గిటార్ వాయించడం రాదు. ట్రెమోలో ఉన్న స్ట్రాటోకాస్టర్ ధర అప్పట్లో 249.50 డాలర్లు. 1954 నాటి అదే మోడల్, 0001 సీరియల్ నంబర్ ఉన్న గిటార్ 2019లో న్యూయార్క్ వేలంలో 18.15 లక్షల డాలర్లు పలికింది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ సేకరణలోది అది.

1965లో ఫెండర్ కంపెనీని సీబీఎస్ సంస్థ 1.3 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ తర్వాత ఉత్పత్తి పెరిగింది కానీ నాణ్యత తగ్గిందని వాయించేవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. 1971 నుంచి స్ట్రాటోకాస్టర్ నెక్‌ను నాలుగు స్క్రూలకు బదులు మూడింటితోనే బిగించడం కూడా చాలామందికి నచ్చలేదు. అలా ‘1965కు ముందువే అసలైనవి’ అనే మాట స్థిరపడింది. పాత గిటార్ల వేట మొదలైంది.

అమ్ముడుపోని మోడలే బంగారమైంది

గిబ్సన్ కంపెనీ కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 1958 నుంచి 1960 వరకు సన్‌బర్స్ట్ రంగులో లెస్ పాల్ స్టాండర్డ్ తయారైంది. మొత్తం సుమారు 1,500 ఉంటాయని అంచనా. అప్పట్లో అవి సరిగ్గా అమ్ముడుపోలేదు. దాంతో 1961లో గిబ్సన్ ఆ డిజైన్‌నే పక్కన పెట్టేసింది. 1966లో ఎరిక్ క్లాప్టన్ అలాంటి గిటార్‌తోనే బ్లూస్ ఆల్బమ్ చేశాక సీన్ మారిపోయింది. అందరికీ అదే సౌండ్ కావాలి! 1968లో గిబ్సన్ లెస్ పాల్‌ను మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. షాపుల్లో కొనేవాళ్లు లేని ఆ గిటార్ ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతోంది.

జపాన్ కాపీలు చూసి కళ్లు తెరిచారు

అసలు పాతవి సామాన్యుడికి అందవు. ఆ లోటును ముందుగా గుర్తించింది జపాన్ కంపెనీలు. టోకాయ్, గ్రెకో లాంటి సంస్థలు 1970ల చివర్లో పాత అమెరికన్ మోడళ్లకు అచ్చుగుద్దినట్టు కాపీలు తయారుచేశాయి. అవి ఎంత బాగున్నాయంటే ఫెండర్ ఉలిక్కిపడింది. 1982లో జపాన్‌లోనే తన పేరుతో తయారీ మొదలుపెట్టింది. అదే ఏడాది అమెరికాలోనూ 1952 టెలీకాస్టర్, 1957, 1962 స్ట్రాటోకాస్టర్ నమూనాలను మళ్లీ విడుదల చేసింది. వీటినే ‘రీఇష్యూ’ అంటారు. ఒక రకంగా కంపెనీ తన పాత గిటార్‌ను తానే కాపీ కొట్టుకుంది.

మరి ఆ గీతల సంగతేంటి?

1995లో ఫెండర్ కస్టమ్ షాప్ ఇంకో అడుగు ముందుకేసింది. కొత్త గిటార్‌ను కావాలనే గీకి, రుద్ది, మెటల్ భాగాలకు తుప్పు పట్టించి అమ్మడం మొదలుపెట్టింది. దీని పేరే ‘రెలిక్’. చిరుగుల జీన్స్‌కు ఎక్కువ డబ్బులు ఇచ్చినట్టే ఇదీ అని ఎగతాళి చేసేవాళ్లు ఉన్నారు. అయితే ఇష్టపడేవాళ్ల వాదన వేరు. వెనకవైపు వార్నిష్ అరిగి, అంచులు నునుపుదేలిన నెక్ మొదటి రోజు నుంచే చేతికి అలవాటైనట్టు ఉంటుంది. పైగా ఎక్కడ గీత పడుతుందో అన్న భయం ఉండదు.

పాత సౌండ్ దేని నుంచి వస్తుంది?

ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉక్కు తీగలు కదిలితే కింద ఉన్న పికప్‌లో కరెంటు పుడుతుంది. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన భాగం. అయస్కాంతం ఏ రకం, ఎన్ని చుట్లు, ఎలా చుట్టారు.. వీటిని బట్టి సౌండ్ మారుతుంది. రీఇష్యూల్లో పాత లెక్క ప్రకారం చుట్టిన పికప్‌లు పెడతారు. అంటే సౌండ్‌లో ప్రధాన భాగాన్ని ఇప్పుడు కూడా తయారుచేయొచ్చు. ‘పాత చెక్కలోనే మహిమ ఉంది’ అనే మాటపై మాత్రం వాదనలు తెగడం లేదు.

పాత పద్ధతితో పాటు పాత ఇబ్బందులూ వస్తాయి. సింగిల్ కాయిల్ పికప్‌లు హమ్ శబ్దం చేస్తాయి. పాత ఫెండర్ ఫింగర్‌బోర్డ్ వంపు 7.25 అంగుళాల రేడియస్, అంటే బాగా గుండ్రంగా ఉంటుంది. కార్డ్స్ పట్టడానికి హాయిగా ఉంటుంది కానీ, తీగలు బాగా కిందకి సెట్ చేసి పై ఫ్రెట్లలో బెండ్ చేస్తే శబ్దం మధ్యలో ఆగిపోతుంది. కొన్ని రీఇష్యూల్లో పాతకాలంలాగే మూడు పొజిషన్ల స్విచ్ ఉంటుంది. ఐదు పొజిషన్ల స్విచ్ 1977లో గానీ రాలేదు.

భారత్ చెక్కకూ ఇందులో వాటా

పాత గిటార్ల ఫింగర్‌బోర్డుకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. 1960ల మధ్య నుంచి ఆ స్థానంలోకి భారత రోజ్‌వుడ్, అంటే తెలుగు నాట ఇరుగుడు అని పిలిచే చెక్క వచ్చింది. అడవులు తరిగిపోవడంతో 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారంపై కఠిన ఆంక్షలు పెట్టారు. 2017లో భారత రోజ్‌వుడ్‌కూ నిబంధనలు వచ్చాయి. అయితే తయారైన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ చెక్కకు మాత్రం ఆ సడలింపు లేదు. కాబట్టి అమెరికాలోని తెలుగువాళ్లు 1960ల నాటి ఒరిజినల్ గిటార్ కొని ఇండియాకు తేవాలనుకుంటే ముందే పర్మిట్ల సంగతి చూసుకోవాలి. లేదంటే ఎయిర్‌పోర్టులో చిక్కులు తప్పవు.

కొనేముందు ఇవి చూడండి

* ‘ఒరిజినల్ పాతది’ అని చెబితే గీతలు చూసి నమ్మొద్దు. గీతలు ఎవరైనా పెట్టగలరు. లోపలి వాల్యూమ్, టోన్ కంట్రోళ్ల మీద తయారీ కాలాన్ని చెప్పే కోడ్ ఉంటుంది. టంకం మళ్లీ చేసిన ఆనవాళ్లు ఉన్నాయేమో తెలిసినవాళ్లతో చూపించాలి.
* మళ్లీ పెయింట్ వేసినా, పార్టులు మార్చినా ఒరిజినల్ ధర బాగా పడిపోతుంది.
* పాత తరహా నైట్రోసెల్యులోజ్ పెయింట్ ఉంటే రబ్బరు తొడుగుల స్టాండ్ మీద పెట్టొద్దు. ఆ రబ్బరు తగిలి పెయింట్ పాడవుతుంది.
* ఫొటో చూసి కాకుండా చేతికి తీసుకుని నెక్ మందం, ఫ్రెట్ల అంచులు, బరువు చూడండి.
* బడ్జెట్ తక్కువైతే ఫెండర్‌కే చెందిన స్క్వైయర్‌లో క్లాసిక్ వైబ్ సిరీస్ ఉంది. కస్టమ్ షాప్ గిటార్లు లక్షల్లో ఉంటే, ఇవి వేలల్లో దొరుకుతాయి.

ఇంకో సంగతి. 2019 నాటి అదే వేలంలో 39.75 లక్షల డాలర్లు పలికింది గిల్మర్ వాయించిన ‘బ్లాక్ స్ట్రాట్’. దాని నెక్, పికప్‌లను ఆయన ఏళ్ల తరబడి మారుస్తూనే వచ్చారు. అంటే అంత రేటు పలికింది పార్టులకు కాదు, దాని మీద పుట్టిన పాటలకు. రీఇష్యూ కొంటే పాత సౌండ్ వస్తుంది, పాత నెక్ పట్టిన హాయి వస్తుంది. చరిత్ర మాత్రం డబ్బాలో ప్యాక్ చేసి రాదు. దాన్ని వాయించి సంపాదించుకోవాల్సిందే!