నీలి ఊరిలో మగ్రిబ్ నమాజు

మొరాకో ఉత్తర కొసన మధ్యధరా సముద్రతీరం వెంట రీఫ్ కొండలు బారులు తీరి ఉంటాయి. తెతువాన్‌లో బస్సెక్కి అరవై కిలోమీటర్లు ఆ కొండల్లో ప్రయాణించి షఫ్‌షావన్ చేరుకున్నాము. చిన్న ఊరు. గోడలు, మెట్లు, తలుపులు అన్నీ నీలమే. ఎందుకలా అంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. మాకు నచ్చినవి మాత్రం ఇళ్లపైని పెంకులు. మిద్దెల దేశంలో ఇవి స్పెయిన్ నుంచి వచ్చినవారి అలవాటు!

పోర్చుగీసుల దాడులను ఎదుర్కొనేందుకు 1471లో మౌలాయ్ అలీ బిన్ రాషిద్ ఇక్కడ కోట కట్టించారు. 1492లో గ్రనాడా పతనమయ్యాక ఇల్లూ వాకిలీ వదిలి సముద్రం దాటిన ముస్లింలు, యూదులు ఈ కొండల్లో తలదాచుకున్నారు. అలీ గారి కుమార్తె సయ్యిదా అల్‌హుర్రా తర్వాత తెతువాన్‌ను పరిపాలించారు. మన ఆడపిల్లలకు ఆమె పేరు చెప్పేవారేరీ?

మగ్రిబ్ వేళ ఎనిమిది పలకల మినారు గల పెద్ద మస్జిదుకు వెళ్లాము. ఇమాం గారు ఫాతిహాలో ‘మాలికి’ అనవలసిన చోట ‘మలికి’ అన్నారు. లుఖ్మా ఇవ్వబోయి ఆగాము. ముప్పై ఏళ్లుగా పిల్లల తప్పులు దిద్దిన నోరు కదా! పక్కవారు చేతులు కట్టుకోకుండా వదిలేసి నిలబడి ఉన్నారు. అప్పుడు తట్టింది. మనం చదివేది హఫ్స్ రివాయత్, ఇక్కడివారిది వర్ష్ రివాయత్. ఫిఖహ్‌లో వీరు మాలికీలు. రెండు పఠనాలూ ప్రామాణికమే. మదర్సాలో ఇవన్నీ కంఠస్థం చేసి పరీక్ష రాసినవాళ్లమే, చెవులతో మాత్రం ఏనాడూ వినలేదు.

నమాజులోనే ఒక ముఖం గుర్తుకొచ్చింది. చాలా ఏళ్ల క్రితం హైదరాబాదులో, చేతులు వదిలి నమాజు చేసిన ఒక సూడాన్ విద్యార్థిని జమాఅత్ ముందే మందలించాము. అతను మారు పలుకలేదు. మళ్లీ ఆ మస్జిదుకు రాలేదు.

ఇక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. చేతులు కట్టుకున్న పరదేశిని తమ మధ్యన కూర్చోబెట్టుకుని, ముసలివారూ కుర్రవాళ్లూ ఒకే గొంతుతో ఒక హిజ్బ్ చదివారు. ఫజ్ర్ తర్వాత ఒకటి, మగ్రిబ్ తర్వాత ఒకటి చొప్పున అరవై హిజ్బులూ నెలలో పూర్తవుతాయట.

బయట ఒక పిల్లవాడి చెక్కపలక తీసుకుని చదివాము. మగ్రిబీ లిపిలో ఖాఫ్‌కు పైన ఒకటే చుక్క, ఫాకు చుక్క కిందుంటుంది. మేము ఖాఫ్‌ను ఫాగా చదివితే వాడు వెంటనే దిద్దాడు. మా దేశంలో ఖాఫ్‌కు రెండు చుక్కలని చెబితే నమ్మలేదు. ఉస్తాద్‌ను అడిగి వస్తానని లోపలికి పరుగెత్తాడు.