గడ్డిమోపులు కాపాడిన మఠం

మనుషులు కాపురమున్నంతకాలం ఇల్లు నిక్షేపంలా నిలుస్తుంది. తాళం పడిన నాలుగైదేళ్ళకే పాడుబడిపోతుంది. గోడలు అవే, దూలాలు అవే, పునాదులూ అవే. మరి తేడా ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఈ నెల మనం ఇంగ్లండు వెళదాం. అక్కడ ఎనిమిది వందల ఏళ్ళనాటి క్రైస్తవ మఠం ఒకటి ఉంది. దాన్ని రాజు మూయించాడు. ఆ తరువాత అందులో గడ్డిమోపులు చేరాయి. ముంగిట్లో పశువులు తిరిగాయి. పవిత్రమైన కట్టడానికి ఎంత అవమానం జరిగిందో అనిపిస్తుంది కదూ! అసలు సంగతి వింటే మీ అభిప్రాయం మారవచ్చు.

పూల లోయలో మఠం

ఇంగ్లండు నైరుతి భాగంలో సోమర్సెట్ అనే జిల్లా ఉంది. అక్కడ వాష్‌ఫర్డ్ గ్రామం దగ్గర, ఒక చిన్న నది పక్కన క్లీవ్ మఠం ఉంది. 12వ శతాబ్దం చివర సిస్టెర్షియన్ శాఖకు చెందిన సన్యాసులు దీన్ని స్థాపించారు. వారు ఆ చోటుకు లాటిన్‌లో పెట్టుకున్న పేరుకు ‘పూల లోయ’ అని అర్థం.

ఈ శాఖ 1098లో ఫ్రాన్సులో పుట్టింది. ఊరి సందడికి దూరంగా బతకడం, ఆడంబరం లేకుండా ఉండడం, ఒళ్ళు వంచి పని చేయడం వారి నియమాలు. అందుకే ఎక్కడ మఠం కట్టినా ముందు నీటి వసతి, సాగుభూమి చూసుకునేవారు. పొలం పనులు చేయడానికి ప్రత్యేకంగా ‘లే బ్రదర్స్’ అనే సోదరుల వర్గం ఉండేది. అంటే ఆ మఠం సగం గుడి, సగం కమతం అన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీంతో మనకు తరువాత పని పడుతుంది.

సూర్యుణ్ణి చూసి వేసిన నమూనా

మన పల్లెల్లో మండువా ఇల్లు చూశారా? మధ్యలో ఆకాశం కనిపించే చదరం, చుట్టూ వసారాలు, వాటి వెనుక గదులు ఉంటాయి. ఆ మఠం నమూనా కూడా ఇంచుమించు అంతే. మధ్యనున్న చదరాన్నీ, దాని చుట్టూ ఉండే నడవలనూ కలిపి ‘క్లాయిస్టర్’ అంటారు. దానికి ఉత్తరాన ఎత్తయిన చర్చి ఉంటుంది. తూర్పున కింద సమావేశ మందిరం, పైన సన్యాసులు పడుకునే పొడవాటి శయనశాల ఉంటాయి. దక్షిణాన భోజనశాల ఉంటుంది.

చర్చిని ఉత్తరం వైపే ఎందుకు పెట్టారు? దీనికి లెక్క ఉంది. క్లీవ్ సుమారు 51 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 22 ప్రాంతంలో సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా 23½ డిగ్రీల దూరంలో ఉంటాడు. 90 లోంచి ఈ రెండింటినీ తీసేయండి. మిగిలేది దాదాపు 15½. అంటే ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిక్చక్రం నుంచి 15½ డిగ్రీలకు మించి పైకి రాడు! అప్పుడు 10 మీటర్ల గోడ నీడ ఉత్తర దిశగా సుమారు 36 మీటర్లు పడుతుంది. అదే రోజున మన విజయవాడలో సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అదే గోడ నీడ ఇక్కడ 8½ మీటర్లు కూడా దాటదు.

ఇప్పుడు ఆలోచించండి. చర్చి దక్షిణాన ఉంటే చలికాలమంతా క్లాయిస్టర్ నీడలోనే మగ్గిపోయేది. ఉత్తరాన ఉండడం వల్ల ఎండ తగులుతుంది, ఉత్తరపు చలిగాలి ఆగుతుంది. ఇంగ్లండులో చాలా మఠాలను ఈ పద్ధతిలోనే కట్టారు. నీటి వసతి మరోవైపు ఉన్న కొన్నిచోట్ల మాత్రం నమూనాను తిరగేశారు.

రాజాజ్ఞ

1536లో ఎనిమిదో హెన్రీ కాలంలో, ఏడాదికి 200 పౌండ్ల కంటే తక్కువ ఆదాయం ఉన్న మఠాలను మూసివేయాలని చట్టం వచ్చింది. క్లీవ్ మఠం ఆ జాబితాలో పడింది. 1540 నాటికి ఇంగ్లండు, వేల్సులలోని సుమారు 800 మఠాలు మూతపడ్డాయి.

మఠం మూసిన వెంటనే చాలాచోట్ల అధికారుల చూపు చర్చి కప్పుమీద పడేది. ఎందుకంటే దానిమీద సీసపు రేకులు ఉండేవి. సీసం ఖరీదైన లోహం, పైగా 327 డిగ్రీల సెంటీగ్రేడుకే కరుగుతుంది. అక్కడికక్కడే కట్టెల మంటమీద కరిగించి దిమ్మలుగా పోసుకుని పట్టుకుపోవచ్చు. ఆ తరువాత వంతు చెక్కిన రాళ్ళది. క్లీవ్‌లో చర్చిని పడగొట్టారు. ఈనాడు అక్కడికి వెళితే గడ్డిలో స్తంభాల మొదళ్ళు, పునాదుల గీతలు కనిపిస్తాయి.

చర్చి గోడల్లో కొంత భాగం మాత్రం నిలిచింది. ఏ భాగం? దక్షిణపు పక్కన నివాస భవనాలకు ఆనుకుని ఉన్నది. ఆ గోడ పక్క భవనానికి కూడా గోడే. దాన్ని పడగొడితే ఆ భవనం పాడవుతుంది. అందుకే దాన్ని వదిలేశారు.

రైతు కంటికి ఏం కనిపించింది?

నివాస భవనాలు మొదట ఒక పెద్దమనిషి బంగళాగా మారాయి. ఆ వైభవం ఎక్కువకాలం నిలవలేదు. 17వ శతాబ్దం వచ్చేసరికి అది ఒక కమతం అయింది. సన్యాసులు మౌనంగా నడిచిన క్లాయిస్టర్ ఇప్పుడు దొడ్డి. చుట్టూ ఉన్న భవనాలు కొట్టాలు, కొట్లు.

రైతు కంటితో ఒకసారి చూడండి. చుట్టూ భవనాలు, గోడలు ఉన్న చదరం పశువులకు చక్కని దొడ్డి. చలిగాలి రాదు, పశువు బయటికి పోదు. మందమైన రాతిగోడల మధ్య నేలమీది గదులు ఎండాకాలం కూడా చల్లగా ఉంటాయి. రాయి నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది గనుక పాలు, వెన్న దాచుకోవడానికి అలాంటి గది పనికివస్తుంది. పై అంతస్తులోని పొడవాటి శాలకు వరుసగా కిటికీలున్నాయి. గడ్డికీ ధాన్యానికీ కావలసింది అదే: నేల చెమ్మ తగలకూడదు, గాలి ఆడాలి. పక్కనే నది ఉంది, చుట్టూ పొలాలున్నాయి. సన్యాసులు తమ సాగుకోసం ఎంచుకున్న చోటు, తరువాత వచ్చిన రైతుకూ సరిపోయింది. ఇది వింతేమీ కాదు.

కప్పు పోతే ఏమవుతుంది?

ఆనాటి రాతిగోడ చాలావరకు ఒకే రాయి కాదు. బయటి ముఖం ఒకటి, లోపలి ముఖం ఒకటి, మధ్యలో చిన్నరాళ్ళు, సున్నం కలిపి నింపిన పొట్ట. సున్నం సంగతి మీరు రసాయనశాస్త్రంలో చదివారు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీలవద్ద కాలిస్తే బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డయాక్సైడు వెళ్ళిపోయి పొడిసున్నం మిగులుతుంది. దానికి నీరు పోస్తే తడిసున్నం. గోడలో చేరిన తరువాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది.

ఈ గోడకు శత్రువు పైనుంచి వస్తుంది. కప్పు ఉన్నంతకాలం వాన గోడ ముఖంమీద జారిపోతుంది. కప్పు పోయిందంటే నీరు గోడ తలమీదనుంచి నేరుగా పొట్టలోకి దిగుతుంది. అక్కడి సున్నాన్ని కొంచెం కొంచెంగా కడిగేస్తుంది. ఇంగ్లండు చలికాలంలో ఆ నీరు గడ్డకడుతుంది. నీరు మంచు అయినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అంత బలంతో రాళ్ళను విడదీస్తుంది. మంచు కరుగుతుంది, నీరు ఇంకా లోపలికి దిగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. ఇలా ఏటేటా జరిగి చివరికి ఒకరోజు గోడ పొట్ట ఉబ్బి కూలుతుంది.

దూలాల కథ వేరు. ఓక్ కర్ర ఎంత గట్టిదైనా, చాలాకాలం తడిగా ఉంటే బూజుజాతి జీవులు దాన్ని తినివేస్తాయి. పొడిగా ఉంటే వాటికి బతుకు లేదు. అందుకే పొడి కర్ర శతాబ్దాలు నిలుస్తుంది.

రెండు పుస్తకాల ప్రయోగం

మీరే చేసి చూడండి. నున్నటి బల్లమీద రెండు అట్టపుస్తకాలను తలలు ఆనించి, ఇంటికప్పులా నిలబెట్టండి. పాదాలు రెండు వైపులకూ జారి అవి పడిపోతాయి. ఇప్పుడు పాదాల బయట చెరొక బరువైన నిఘంటువు పెట్టండి. కప్పు నిలుస్తుంది. అంటే వాలుకప్పు కిందికే కాక, పక్కకు కూడా నెడుతుందన్నమాట. మందపు గోడలు ఆ నెట్టుడును తట్టుకుంటాయి.

క్లీవ్‌లో 15వ శతాబ్దంలో తిరిగి కట్టిన భోజనశాల పై అంతస్తులో ఉంది. దాని ఓక్ కప్పు వంపు తిరిగిన కర్రలతో, చెక్కిన దేవదూతల బొమ్మలతో ఈనాటికీ నిలిచి ఉంది. ఇలాంటి కప్పులో ఒక వాసం పాదం కుళ్ళితే దాని భారం పక్క వాసాల మీద పడుతుంది. ఒక చిన్న కారుడు చివరికి శాలనంతటినీ కూల్చగలదు. ఆ కారుడును సకాలంలో ఆపడానికి కావలసింది ఒకటి రెండు పెంకులు, ఒక పూట పని. అంతే!

ఆ పని ఎవరు చేస్తారు? లోపల ఎండుగడ్డి ఉన్నవాడు చేస్తాడు. గడ్డి తడిస్తే బూజు పడుతుంది, పశువులు తినవు. రైతు దేవదూతల మీద భక్తితో నిచ్చెన ఎక్కి ఉండకపోవచ్చు. తన గడ్డికోసం ఎక్కినా దేవదూతలు కూడా తడవకుండా మిగిలారు.

మళ్ళీ మఠంగా

కమతం వల్ల నష్టమేమీ జరగలేదని చెప్పడం అబద్ధమవుతుంది. దొడ్డిలో పేడ, చెత్త పేరుకుంటాయి. అవసరానికి తగ్గట్టు కట్టడాలను మార్చుకుంటారు. 1870లో డన్‌స్టర్ కోట యజమాని జార్జ్ లట్రెల్ ఈ చోటును కొని, వ్యవసాయం మాన్పించి, తవ్వకాలు, మరమ్మతులు చేయించాడు. 20వ శతాబ్దం మధ్యలో అది ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చింది. ఈనాడు ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ దాన్ని చూసుకుంటోంది.

ఆ తవ్వకాలలో ఒక విచిత్రం బయటపడింది. 13వ శతాబ్దపు పాత భోజనశాల నేల మట్టికింద భద్రంగా ఉంది. ఎర్రమట్టి బిళ్ళలమీద తెల్లమట్టితో రాజవంశాల చిహ్నాలు పొదిగి కాల్చిన నేల అది. ఇన్ని వందల ఏళ్ళు మట్టే దానికి కప్పు. తవ్వి బయటపెట్టాక వానకూ మంచుకూ అది పాడవడం మొదలైంది. చివరికి ఏం చేశారో ఊహించగలరా? దానిమీద ఒక కప్పు కట్టారు!

మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరికింది కదా. మనుషులున్న ఇంట్లో కారుడు కనిపించిన రోజే ఎవరో ఒకరు కప్పు ఎక్కుతారు. తాళం వేసిన ఇంట్లో ఆ కారుడును చూసేవారే ఉండరు. ఈసారి వాన వెలిసిన తరువాత మీ బడి కప్పుకేసి, గోడల పైభాగానికేసి ఒకసారి చూడండి. ఎక్కడైనా చెమ్మ మచ్చ కనిపిస్తే మీ మాస్టారికి చెప్పండి. పెద్ద మరమ్మతు రాకుండా ఆపే చిన్న మరమ్మతు అక్కడే మొదలవుతుంది.