మన గ్రౌండ్‌లో ఎంతమంది పడతారు? లెక్క గేటు దగ్గరుంది

ఈ ఎపిసోడ్ ఫుట్‌బాల్ గురించే, కానీ గోల్స్ గురించి కాదు. మ్యాచ్ చూడ్డానికి వచ్చే జనం గురించి.

నేనుండేది చిలకలగూడ. ఇటు సీతాఫల్‌మండి, వారాసిగూడ, అటు మెట్టుగూడ. ఈ చుట్టుపక్కల కాస్త ఖాళీ జాగా కనిపిస్తే చాలు, పొద్దున ఫుట్‌బాల్, సాయంత్రం క్రికెట్. అసలు సికింద్రాబాద్‌కీ ఫుట్‌బాల్‌కీ సంబంధం ఇప్పటిది కాదు. 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ కొట్టిన ఇండియా టీమ్‌లో ఆడిన తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ కుర్రాడు. ఆ టీమ్ కోచ్ రహీమ్ సాబ్ కూడా హైదరాబాదీయే. సో, లైట్లు పెట్టి సెవెన్స్ టోర్నమెంట్ ఫైనల్ అనగానే బస్తీలకి బస్తీలు దిగిపోతాయంటే అందులో వింతేం లేదు.

అప్పుడు ఆర్గనైజర్‌ని "అన్నా, ఈ గ్రౌండ్‌లో ఎంతమంది పడతరు?" అని అడగండి. జవాబు దాదాపు ఒకటే: "ఎంతమందైనా పడతరు తమ్మీ, జాగా మస్తుంది." ఇక్కడ 'పడతరు'కి రెండు అర్థాలున్నాయని ఆయనకి తట్టదు.

కెపాసిటీ అంటే జాగా మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లో స్టేడియంల సేఫ్టీకి గ్రీన్ గైడ్ అనే పుస్తకం ఉంది. చాలా దేశాలవాళ్ళు దాన్నే చూస్తారు. అందులో పద్ధతి ఏంటంటే, నాలుగు లెక్కలు వెయ్యాలి. గంటలో ఎంతమంది లోపలికి రాగలరు, లోపల ఎంతమంది నిలబడగలరు, మ్యాచ్ అయ్యాక ఎంతమంది బయటికి పోగలరు, ప్రమాదం జరిగితే ఎంతమంది తప్పించుకోగలరు. ఈ నాలుగింటిలో ఏది తక్కువైతే అదే ఆ గ్రౌండ్ కెపాసిటీ. మిగతా మూడూ ఎంత పెద్దవైనా పనికిరావు.

ఒక గ్రౌండ్ అనుకుందాం. ఊరికే ఊహకి, ఏ గ్రౌండ్ పేరూ నేను చెప్పట్లేదు. రెండు సైడ్‌లైన్ల పక్కన 50 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున జనం నిలబడతారు. మొత్తం 300 చదరపు మీటర్లు. గైడ్ ప్రకారం 10 చదరపు మీటర్లకి గరిష్ఠంగా 47 మంది. అంటే 1,410 మంది. మెట్లు, మధ్యమధ్యలో ఆపడానికి బ్యారియర్లు సరిగ్గా ఉన్న చోటికే ఈ లెక్క. సాదా నేల మీద ఇంకా తగ్గించాలి. సరే, మన ఆర్గనైజర్ అన్న కోసం 1,410 అనే ఉంచుదాం.

ఇప్పుడు గేటు దగ్గరికి రండి. సమతలంగా ఉన్న దారిలో ఒక మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది బయటికి పోగలరు. మెట్ల మీదైతే 66 మందే. మామూలుగా ఖాళీ అవడానికి గరిష్ఠంగా 8 నిమిషాలు ఇస్తారు. గేటు 3 మీటర్లు ఉంటే 1,968 మంది, పర్లేదు. కానీ మన దగ్గర గేటు మొత్తం ఎప్పుడు తెరిచారు చెప్పండి? ఒక రెక్క మూసి తాళం, తెరిచిన రెక్క ముందు నాలుగు బైకులు, పక్కన మిర్చి బజ్జీ బండి. మిగిలేది ఒక మీటరు. 82 ఇంటు 8, అంటే 656. చూశారా? 1,410 అనుకున్నది సగానికంటే కిందికి పడిపోయింది. దానికి కారణం నాలుగు బైకులు, ఒక తాళం.

మంటలు అంటుకునే ప్రమాదం ఎక్కువున్న చోట, అంటే చెక్కలు, గుడ్డ కట్టిన స్టాండ్ లాంటివాటికి, తప్పించుకునే టైమ్ రెండున్నర నిమిషాలకి దిగుతుంది. అప్పుడు అదే గేటు నుంచి 205 మంది.

లోపలికి రావడం ఇంకో కథ. ఒక్కొక్కరినే వదిలే గేటు నుంచి గంటకి 660 మంది కంటే ఎక్కువ లెక్క వెయ్యకూడదు. నిమిషానికి 11 మంది. మనవాళ్ళు గంట ముందు వస్తారా? మ్యాచ్‌కి పదిహేను నిమిషాల ముందు 400 మంది ఒకేసారి వచ్చారనుకోండి, విజిల్ పడేసరికి 165 మందే లోపల. 235 మంది బయట. లోపల అరుపులు వినిపిస్తుంటాయి. వెనకాలవాళ్ళు తోస్తారు. తోసేవాడు చెడ్డవాడు కాదండీ, ముందు ఏం జరుగుతోందో వాడికి కనిపించదు, అంతే.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో సరిగ్గా ఇదే. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సెమీఫైనల్. లివర్‌పూల్ ఫ్యాన్స్‌కి ఇచ్చిన నిలబడే స్టాండ్ కెపాసిటీ 10,100. దానికి పెట్టిన తిరుగుడు గేట్లు ఏడు. ఇప్పుడు మీరే లెక్క వెయ్యండి: ఏడు ఇంటు 660, గంటకి 4,620. అందరూ లోపలికి వెళ్ళాలంటే రెండు గంటల పైనే. మ్యాచ్ టైమ్ దగ్గర పడేకొద్దీ బయట ఊపిరాడని పరిస్థితి. 2:52కి పోలీసులు బయటికి పోయే పెద్ద గేటు తెరిపించారు. రెండు వేల మందికి పైగా ఒక్కసారిగా లోపలికి వెళ్ళి, ఎదురుగా కనిపించిన సొరంగం దారిలోంచి అప్పటికే నిండిపోయిన మధ్య భాగంలోకి చేరారు. పక్క భాగాల్లో జాగా ఉంది! అటు పొమ్మని చెప్పేవాళ్ళే లేరు. ముందు ఇనుప కంచె. 3:06కి మ్యాచ్ ఆపారు. మొత్తం 97 మంది చనిపోయారు. తప్పు ఫ్యాన్స్‌దే అని ఏళ్ళ తరబడి అన్నారు. వాళ్ళ తప్పు లేదని 2016లో జ్యూరీ తేల్చడానికి 27 ఏళ్ళు పట్టింది.

అది ఫారిన్ కదా అంటారేమో. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో 1980 ఆగస్టు 16న మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో 16 మంది పోయారు. ఇంకా దగ్గరికి రావాలంటే మన జింఖానా గ్రౌండ్. 2022 సెప్టెంబర్ 22. అక్కడ మ్యాచ్ కూడా లేదు! ఉప్పల్‌లో జరిగే ఇండియా, ఆస్ట్రేలియా టీ20 టికెట్లు అమ్మారు, అంతే. వేల మంది వచ్చారు, తొక్కిసలాట, లాఠీచార్జ్, చాలామందికి గాయాలు. చిలకలగూడ నుంచి ఎంత దూరమో మీకు తెలుసు.

గ్యాలరీల సంగతి విడిగా చెప్పాలి. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల్లో తాత్కాలిక గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. తర్వాతి ఏడాది మార్చి 19న కేరళ మలప్పురం జిల్లాలో సెవెన్స్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మళ్ళీ అదే, మళ్ళీ వందమందికి పైగా. ఇలాంటి గ్యాలరీ కూర్చున్నవాళ్ళని మోస్తుంది గానీ, గోల్ పడగానే అందరూ ఒకేసారి ఎగిరితే ఆ ఊపుని మోయడం వేరే సంగతి. ఎక్కేముందు కిందికి వంగి చూడండి. నిలువు పైపుల మధ్య ఏటవాలుగా కట్టిన పైపులు ఉన్నాయా? కాళ్ళ కింద ప్లేట్లో చెక్కలో పెట్టారా, లేక వాన పడిన మట్టిలోనే దించేశారా? ఏటవాలు పైపులు లేకపోతే నేనైతే ఎక్కను. కింద నిలబడి చూస్తా, సగం గ్రౌండ్ కనిపించకపోయినా సరే.

జనం కిక్కిరిసినప్పుడు ఏం చెయ్యాలి? ముందు ఒక విషయం. ఇలాంటి చోట్ల చాలామంది కాళ్ళ కింద పడి చనిపోరు, నిలబడే చనిపోతారు. ఛాతీ నొక్కుకుపోయి ఊపిరి తీసుకోలేక. చదరపు మీటరుకి ఐదుగురు దాటితే మీ అడుగు మీ చేతుల్లో ఉండదు. ఆరేడుగురైతే జనం నీళ్ళలా అలలుగా కదులుతారు. మీరు నడవకుండానే జరుగుతున్నారంటే పరిస్థితి ముదిరినట్టే. అప్పుడు చేతులు బాక్సర్‌లా ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి కాస్త చోటు ఉంటుంది. అల వచ్చినప్పుడు ఎదురు తోయొద్దు. అది తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకి జరగండి. గోడకి, కంచెకి ఆనుకోవద్దు. పడిపోతే పక్కకి తిరిగి ముడుచుకుని తల కాపాడుకోండి. ఫోన్ కింద పడిందా? ఈఎంఐ ఇంకా ఎనిమిది నెలలుందా? ఉండనీయండి, వంగొద్దు. వీడియో కోసం చెయ్యి పైకెత్తినా ఛాతీకి అడ్డం పోతుంది.

అలాగే ముందున్నవాళ్ళు ఆగమని అరిస్తే, ఆ మాట వెనక్కి మీరూ అరిచి చెప్పండి. వెనక ఉన్నవాళ్ళకి సమాచారం చేరేది అలాగే. తర్వాత 112.

ఆర్గనైజ్ చేసే తమ్ముళ్ళు కూడా ఈ వీడియో చూస్తుంటారు, వాళ్ళకి రెండు మాటలు. పెద్ద ఖర్చేం లేదు. ఒక టేపు తెచ్చి తెరిచి ఉండే గేటు వెడల్పు కొలవండి, 656తో గుణించండి. మీ గ్రౌండ్ నంబర్ అంతకంటే ఎక్కువుండదు. పోలీస్ పర్మిషన్ అప్లికేషన్‌లో కూడా అదే రాయండి. గేటు దగ్గర ఒకణ్ణి కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళని ఫోన్‌లో కౌంటర్ యాప్ నొక్కుతూ లెక్కపెట్టించండి. నంబర్ రాగానే ఆపెయ్యాలి, మీ బామ్మర్ది వచ్చినా సరే. బైకులు గేటుకి దూరంగా పెట్టించండి.

ఇక రెండో గేటు. దాదాపు ప్రతి గ్రౌండ్‌కీ ఒకటి ఉంటుంది, ఎప్పుడూ తాళమే. టికెట్ లేకుండా దూరతారని మూసేస్తారు. 2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు టియర్ గ్యాస్ కొడితే జనం ఇరుకు గేట్ల దగ్గర ఇరుక్కుని 135 మంది చనిపోయారు. కాబట్టి తాళం తీసి, గడియ మాత్రం వేసి, లోపలివైపు ఒక మనిషిని నిలబెట్టండి. దూరేవాళ్ళని అతను ఆపుతాడు, అవసరమైతే గడియ తీస్తాడు. మ్యాచ్ మొదలయ్యే ముందు మైక్‌లో ఒక్కసారి చెప్పండి, రెండో గేటు ఎటువైపుందో.