మళ్ళీ మ్యాట్ మీదికి ఎప్పుడు?

ఆ గురువారం సాయంత్రం డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటుంటే ఫోన్ వచ్చింది. "ఆంటీ, పాప వాల్ట్ నుంచి దిగేటప్పుడు మోకాలు మెలిపడింది, లేవలేకపోతోంది." మస్కట్‌లో పదకొండేళ్ళుగా నర్సుగా పని చేస్తున్నాను. ఎముకల వార్డులో ఇలాంటి మోకాళ్ళు ఎన్ని చూశానో లెక్కలేదు. కానీ మన పిల్ల దగ్గరికి వచ్చేసరికి చదువూ అనుభవమూ ఎక్కడికి పోతాయో! కారు తాళం తియ్యడానికి కూడా చెయ్యి ఆడలేదండి.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. "అమ్మా, లోపల టప్‌మని వినిపించింది" అంది. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది. రాత్రికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఎం.ఆర్.ఐ.లో అనుకున్నదే వచ్చింది, ఏ.సి.ఎల్. తెగింది.

ఇంక చూడండి, ఫోన్లు! అత్తయ్యగారు విజయవాడ నుంచి వీడియో కాల్‌లో ఒకటే ఏడుపు. "ఆడపిల్లకి ఆ గెంతులు ఎందుకమ్మా అని నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను. రేపు కాలు వంకర పోతే ఎవరిది బాధ్యత?" మా వారు ఏమీ అనలేదు గానీ, పాప గదిలో గోడకున్న పతకాలు తీసి బీరువాలో పెట్టేశారు. నిజం చెప్పొద్దూ, నేను కూడా మనసులో ఆ క్లాసుకి దండం పెట్టేశాను. ఇంక చాలు, బుద్ధిగా చదువుకుంటే అదే పదివేలు అనుకున్నాను.

మూడో రోజు పాప నన్ను అడిగింది, "అమ్మా, అరుణా రెడ్డికి కూడా ఇదే కదా అయింది?"

మన హైదరాబాద్ అమ్మాయి

బుద్దా అరుణా రెడ్డి పేరు మనలో చాలామంది 2018 ఫిబ్రవరిలో విన్నాం. మెల్‌బోర్న్‌లో జరిగిన జిమ్నాస్టిక్స్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లో 13.649 పాయింట్లతో కాంస్యం గెలిచింది. వరల్డ్ కప్‌లో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి భారత జిమ్నాస్ట్ మన తెలుగు పిల్లే. చిన్నప్పుడు నాన్న ఆమెని మొదట చేర్చింది కరాటేలో. ఒళ్ళు విల్లులా వంగడం చూసి జిమ్నాస్టిక్స్ వైపు మళ్ళించారు. ఎల్.బి. స్టేడియంలో శిక్షణ. ఆ నాన్న 2010లో పోయారు. కూతురి పతకం చూడలేదు.

2019 అక్టోబరులో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. అక్కడే మోకాలు దెబ్బతింది. ఏ.సి.ఎల్. ఆపరేషన్. కోలుకుంటుండగా గోరుచుట్టు మీద రోకటిపోటులా కరోనా వచ్చి స్టేడియాలన్నీ మూతపడ్డాయి. రెండేళ్ళు గడిచిపోయాయి. 2021 డిసెంబరులో ఈజిప్టు రాజధాని కైరోలో ఫారోస్ కప్ పోటీలకి వెళ్ళి, వాల్ట్‌లో ఒక స్వర్ణం, ఫ్లోర్‌లో ఇంకో స్వర్ణం తెచ్చింది. 

మా పాపకి ఇదంతా నోటికి వచ్చు. నాకు మాత్రం అందులో వేరే సంగతి కనిపించింది. ఆ రెండు స్వర్ణాల గురించి అందరం చెప్పుకుంటాం. మధ్యలో గడిచిన ఆ రెండేళ్ళ గురించి ఎవరూ చెప్పుకోరు. అసలు పని అంతా అక్కడే ఉంది.

నొప్పి తగ్గితే నయమైనట్టు కాదు

ఏ.సి.ఎల్. అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే గట్టి తాడు లాంటిది. కాలు ముందుకి జారిపోకుండా, అడ్డంగా తిరిగిపోకుండా ఆపేది అదే. జిమ్నాస్టిక్స్‌లో పైనుంచి దిగేటప్పుడు శరీరం బరువుకి ఎన్నో రెట్ల భారం మోకాలి మీద పడుతుంది. పాదం నేలకి అతుక్కుని, ఒళ్ళు ఇంకా తిరుగుతూ ఉంటే ఆ తాడు తెగుతుంది. ఒకే ఆట ఆడే మగపిల్లల కన్నా ఆడపిల్లలకి ఈ దెబ్బ ఎక్కువ.

ఆపరేషన్‌లో మన ఒంట్లోంచే, ఎక్కువగా తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింద నుంచో స్నాయువు తీసి కొత్త తాడుగా అమరుస్తారు. పెరిగే పిల్లలైతే ఎముక చివర ఉండే పెరుగుదల భాగం దెబ్బతినకుండా జాగ్రత్త పడాలి. అందుకే మా పాపకి ముందుగా మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూశారు. మీ పిల్లలకి ఇలాంటి ఆపరేషన్ చెబితే ఈ సంగతి తప్పకుండా అడగండి.

ఆపరేషన్ ఇక్కడా, హైదరాబాద్‌లోనా అని మన ఇళ్ళల్లో పెద్ద చర్చే జరుగుతుంది. మా ఇంట్లోనూ జరిగింది. నేను చెప్పేది ఒకటే. ఆపరేషన్ ఒక్క పూట పని, ఫిజియోథెరపీ ఏడాది పని. ఆ ఏడాదీ ఎక్కడ ఉంటారో, ఎవరు దగ్గరుండి చేయిస్తారో చూసుకుని నిర్ణయించుకోండి. నాకు అంత సెలవు దొరకదు కాబట్టి మేము మస్కట్‌లోనే చేయించాం.

మొదటి వారాల్లో పని చిన్నదే గానీ ఓపిక కావాలి. వాపు తగ్గించడం, మోకాలు పూర్తిగా చాపడం, తొడ ముందు కండని బిగించడం. ఆ కండ ఎంత త్వరగా కరిగిపోతుందో చూస్తే భయం వేస్తుంది. మా పాప రెండు తొడలూ టేపు పెట్టి కొలుచుకుని ఏడ్చింది. తర్వాత సైకిలు, మెట్లు, ఒంటికాలి మీద నిలబడడం. మే, జూన్ ఎండలకి బయట అడుగు పెట్టలేం కదా, మా బిల్డింగ్ స్విమ్మింగ్ పూల్‌లో నడిపించేదాన్ని. ఖురమ్ బీచ్‌లో నడిపిద్దాం అన్నారు మా వారు. ఇసుకలో కాలు మెలిక పడుతుంది, ఇప్పుడే వద్దన్నారు ఫిజియో.

మూడో నెలలో అసలు గండం. నొప్పి లేదు, వాపు లేదు, పిల్ల ఇంట్లో గెంతులు మొదలెట్టింది. కానీ లోపల కొత్త తాడు అప్పటికింకా బలహీనంగానే ఉంటుంది. దానికి రక్తం అంది, లిగమెంట్‌గా మారడానికి నెలలు పడుతుంది. సరిగ్గా అప్పుడే క్లాసు నుంచి మెసేజ్, "ఆరో నెలకి పోటీ ఉంది, పంపిస్తారా?" నేను పంపనన్నాను. పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తొమ్మిది నెలలకి ముందు ఆటలోకి దిగిన వాళ్ళకి మళ్ళీ దెబ్బ తగిలే ప్రమాదం చాలా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. తొమ్మిది నిండినా చాలదు. దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. ఒంటికాలి గెంతు పరీక్షలు కూడా నెగ్గాలి. డిసెంబరులో మా పాపకి 82 వచ్చింది. పరీక్షలో ఎప్పుడూ అంత తక్కువ రాలేదని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకో రెండు నెలలు చేసింది. ఫిబ్రవరిలో 93.

కంచం, నెలసరి, భయం

అక్కచెల్లెళ్ళకి ముఖ్యంగా ఒక మాట. ఈ ఆటలో సన్నగా ఉండాలని పిల్లలు కడుపు మాడ్చుకుంటారు. తిండి చాలకపోతే నెలసరి ఆగిపోతుంది, ఎముక బలహీనపడుతుంది. మొదలైన నెలసరి మూడు నెలలు రాకపోతే "ఆటల పిల్ల కదా" అని వదిలేయకండి, డాక్టర్‌కి చూపించండి. ఇంత ఎండ ఉన్న దేశంలో ఉంటూ కూడా మనం ఏ.సి. గదుల్లోనే ఉంటాం, విటమిన్ డి పరీక్ష చేయించండి. మా ఇంట్లో పొద్దున పెసరట్టు, గుడ్డు, సాయంత్రం లబన్, రెండు ఖర్జూరాలు. చేపల మార్కెట్‌కి వెళ్తే వంజరం తప్పనిసరి.

భయానికి మాత్రం మందు లేదు. త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ 2016 రియోలో నాలుగో స్థానంలో నిలిచింది. 2017లో ఏ.సి.ఎల్. ఆపరేషన్, 2018 జూలైలో టర్కీలో స్వర్ణం, మరుసటి నెల ఆసియా క్రీడల్లో మళ్ళీ అదే మోకాలు ఇబ్బంది పెట్టింది. ఎన్నో ఎత్తుపల్లాల తర్వాత 2024లో తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్ అయి, అదే ఏడు అక్టోబరులో తన ఇష్టంతో ఆట మానుకుంది. తిరిగి రావడం అంటే ఒక్కసారి జరిగిపోయేది కాదని ఆమెని చూసి తెలుసుకున్నాను. ఎప్పుడు మానాలో కూడా ఆడే మనిషే చెప్పాలి.

అందుకే ఫిబ్రవరిలో పాపని కూర్చోబెట్టి అడిగాను. "మానేసినా మాకు సంతోషమే, వెళ్ళినా సంతోషమే. నీకేం కావాలి?" చాలాసేపు గోళ్ళు చూసుకుంది. "భయంగా ఉందమ్మా. కానీ వెళ్తాను" అంది.

ఇప్పుడు వారానికి రెండు రోజులు వెళ్తోంది. బార్ల మీద, బీమ్ మీద తేలిక పని, మెత్తటి మ్యాట్ మీద దిగడం. వాల్ట్ ఇంకా లేదు. ఎప్పుడో నాకూ తెలియదు, అడగడం లేదు కూడా. అత్తయ్యగారు మొన్న ఫోన్‌లో "ఇంకా గెంతుతోందా?" అన్నారు. "ఇప్పుడు దిగడం నేర్చుకుంటోందండి" అన్నాను. పతకాలు మాత్రం మా వారే బీరువాలోంచి తీసి, మళ్ళీ అదే మేకులకి తగిలించారు.