తోటివారు చెబితే వింటారు!

జూన్‌ 26 వస్తే కాలేజీల్లో హడావుడి. మత్తు వద్దంటూ ర్యాలీ, ప్రతిజ్ఞ, ఓ గ్రూప్‌ ఫొటో. డిసెంబరు 1న ఎయిడ్స్‌ దినం పేరిట మళ్లీ అదే తంతు. తప్పుపట్టడానికేం లేదు. కానీ ఆ మర్నాడే ఎవరికైనా నిజంగా అవసరం పడితే? 'కండోమ్‌ చిరిగింది, ఇప్పుడేం చేయాలి?', 'రూమ్మేట్‌ ఏదో మింగాడు, లేపితే లేవట్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులొస్తారా?' ఇవి లెక్చరర్‌ని అడిగే ప్రశ్నలు కావు. ఇంట్లో అసలే అడగలేరు. ఇక మిగిలింది ఫోనూ, మనకంటే రెండు ముక్కలు ఎక్కువ తెలిసిన సీనియరూ.

భయపెట్టి ఆపొచ్చన్న ఆలోచనకి అమెరికాలో పెద్ద పరీక్షే జరిగింది. 1983లో లాస్‌ ఏంజెలిస్‌లో 'డేర్‌' అనే కార్యక్రమం మొదలైంది. పోలీసులు యూనిఫాంలో బడికొచ్చి డ్రగ్స్‌ జోలికెళ్లొద్దని పాఠం చెప్పేవారు. అది దేశమంతా పాకింది. తీరా పరిశోధకులు లెక్కతీస్తే, పాఠం విన్న పిల్లలకీ విననివాళ్లకీ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒక్కసారి ముట్టుకుంటే జీవితం అయిపోయినట్టేనని చెబుతారు. ముట్టుకున్న ఫ్రెండు మర్నాడు మామూలుగా క్లాసుకొచ్చి కూర్చుంటాడు. ఆ తర్వాత మనం చెప్పే నిజాలూ నమ్మబుద్ధి కావు.

దీనికి పూర్తి భిన్నమైన అనుభవం మన దేశంలోనే ఉంది. కోల్‌కతాలోని సోనాగాచిలో 1992లో డాక్టర్‌ స్మరజిత్‌ జానా హెచ్‌ఐవీ నివారణ పని మొదలుపెట్టారు. పాఠాలు చెప్పడానికి బయటివాళ్లను తేలేదు. అక్కడి సెక్స్‌ వర్కర్లకే శిక్షణ ఇచ్చి పీర్‌ ఎడ్యుకేటర్లను చేశారు. వాళ్లు గడపగడపకూ తిరిగితే అసలు చిక్కు బయటపడింది. కండోమ్‌ సంగతి తెలియక కాదు, కావాలని పట్టుబడితే కస్టమర్‌ పక్క గదికి పోతాడు. అప్పులేమో వడ్డీ వ్యాపారుల దగ్గర. అందుకే అందరూ ఒకే మాట మీద నిలబడేలా చూశారు, 1995లో సొంతంగా సహకార సంఘం పెట్టుకున్నారు. 1992లో 3 శాతం దగ్గరున్న కండోమ్‌ వాడకం ఆ దశాబ్దం చివరికి 90 శాతానికి చేరింది. డబ్బు ఇబ్బంది అడ్డమని తెలియకుండా ఎన్ని పోస్టర్లు అంటించినా ఇది జరిగేది కాదు.

ఉన్నదున్నట్టు చెప్పడమంటే తేలిక చేయడం కాదు. చట్టం సంగతే చూడండి. గంజాయి దగ్గరుంటే ఎన్‌డీపీఎస్‌ చట్టం కింద కేసే. అదే చట్టంలో 64ఎ సెక్షన్‌ ఉందని మాత్రం ఎవరూ చెప్పరు. తక్కువ పరిమాణంతోనో, వాడుతూనో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్‌ నుంచి రక్షణ ఉంటుంది.

ఇక రూమ్మేట్‌ విషయం. నిద్రమాత్రలూ మద్యం కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. 'పడుకుంటే దిగిపోతుందిలే' అని వదిలేయడమే ప్రమాదం. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, 108కి ఫోన్‌ చేయాలి, ఏం మింగాడో డాక్టరుకి దాచకుండా చెప్పాలి. ఆసుపత్రిలో మెడికో లీగల్‌ కేసుగా రాయొచ్చు, అది నిజమే. అయినా ఆలస్యం చేయడానికి అది కారణం కాకూడదు. కండోమ్‌ చిరిగి హెచ్‌ఐవీ సోకిందేమోనని అనుమానం ఉంటే, 72 గంటల్లోపే మందులు మొదలుపెట్టాలి. ఎంత త్వరగా వెళ్తే అంత మేలు. 28 రోజులు వాడాలి.

ఇవన్నీ చెప్పగలిగేవాళ్లు కావాలి, అదో ఉద్యోగ మార్గం కూడా. కాలేజీలో రెడ్‌ రిబ్బన్‌ క్లబ్‌ ఉంటే అక్కడే మొదలుపెట్టొచ్చు. ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ చదివినవారికి ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీల్లో, డీ-అడిక్షన్‌ కేంద్రాల్లో కౌన్సెలర్‌ పోస్టులుంటాయి. హెచ్‌ఐవీ కార్యక్రమాలు నడిపే స్వచ్ఛంద సంస్థల్లో పీర్‌ ఎడ్యుకేటర్లు, అవుట్‌రీచ్‌ వర్కర్లు పనిచేస్తారు. జీతాలు పెద్దగా ఉండవు, ముందే తెలుసుకుని రండి. డిగ్రీ ఎంత అవసరమో, విన్నది కడుపులో దాచుకునే గుణమూ అంతే. ఒకరి హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టకూడదని 2017 నాటి చట్టమే చెబుతోంది.

సందేహాలుంటే హెచ్‌ఐవీ గురించి 1097కి, మత్తు వ్యసనం గురించి 14446కి ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు.