హెమ్లాక్ చెట్ల కింద బూజు కోసం వెతుకుతారెందుకు?

అమెరికా తూర్పు అడవుల్లో హెమ్లాక్ చెట్లను ఆసియా నుంచి వచ్చిన ఓ పురుగు పీల్చేస్తోంది. పేనుబంకకు దగ్గరి చుట్టం. ఒంటినిండా తెల్లని దూదిలాంటి మైనం. ఆ ప్రాంతంలో 1951లో వర్జీనియాలో మొదట కనబడింది.

మరి చెట్టును వదిలేసి కింద రాలిన ఆకులు ఏరడమెందుకు? వాటిని కుళ్ళబెట్టి మట్టిలో కలిపే పనిలో చాలా భారం కంటికి కనబడని శిలీంధ్రాలదే. చెట్లు పోతే వాటిలో కొన్నీ పోవచ్చు. ఇప్పుడేమున్నాయో రాసి పెట్టుకోకపోతే, రేపు ఏవి పోయాయో తేలదు.

సూదుల్లాంటి ఆ ఆకులను ముందు బాగా కడుగుతారు, గాలికొచ్చి వాలిన బీజాలు పోవాలి కదా! తడికాగితం పరిచిన గాజుపళ్ళెంలో పెట్టి మూతేస్తారు. కొన్నాళ్ళకు వెంట్రుకకన్నా సన్నని కాడలు లేస్తాయి, కొసన బీజాలతో. సూక్ష్మదర్శినిలో ఆ బీజాల ఆకారం చూసి జాతిని పోల్చుకుంటారు. అన్నానికి బూజు పడితే మనకు విసుగు. ఈ పరిశోధకులకు బూజు పట్టకపోతేనే దిగులు! ఎంతకీ మొలకెత్తని మొండిఘటాలను డీఎన్‌ఏతో పట్టుకోవాల్సిందే.