చూడి పశువులకు పత్తిచెక్క: పచ్చిమేత తోడుంటేనే క్షేమము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పత్తి పండించు రైతుకు ఆ పైరులో వృథాగా పోవునది తక్కువ. దూది మార్కెట్టుకు పోవును, కట్టె పొయ్యిలోనికి వచ్చును. గింజ మిల్లులో నూనె నిచ్చి, చెక్కగా మారి తిరిగి పశువుల దొడ్డికి చేరును. పత్తిచెక్కలో మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నవి. కనుక పాడి పశువులకు మనవారు దీనిని పెట్టుట సబబే. అయితే చూడి పశువులకు, పాలు త్రాగు దూడలకు పెట్టునపుడు తెలిసికొనవలసిన విషయమొకటి కలదు.

గాసిపాల్ అనగా నేమి?

పత్తిగింజ పప్పును కోసి చూచినచో నల్లని చిన్న చుక్కలు కనబడును. ఆ చుక్కలలో గాసిపాల్ అను పసుపు పదార్థము ఉండును. పురుగుల నుండి తన్ను కాపాడుకొనుటకు పత్తిమొక్క దీనిని తయారు చేసికొనును. గింజను వేడిచేసి నూనె తీయునపుడు గాసిపాల్‌లో కొంత భాగము మాంసకృత్తులకు అంటుకొని హాని తగ్గును. అంటుకొనక మిగిలినదే పశువుకు చెరుపు చేయును. పచ్చిగింజలో ఇది చెక్కలోకన్న ఎక్కువ.

ఆవు, బర్రె వంటి నెమరు పశువుల మొదటి పొట్టలో ఈ పదార్థము చాలవరకు కట్టుబడిపోవును. కాని ఆ శక్తికి హద్దు కలదు. దూడకు ఆ పొట్ట ఇంకను ఎదగదు గనుక గాసిపాల్ నేరుగా రక్తములో కలిసి గుండెను, కాలేయమును దెబ్బతీయును. అమెరికాలో పాడి ఆవులపై జరిపి 2003లో ప్రచురించిన పరిశోధనలో, రక్తములో గాసిపాల్ ఎక్కువైన ఆవులలో చూలు నిలుచుట తగ్గినట్లును, ఈసుకుపోవుట పెరిగినట్లును తేలినది.

ఎలుకలు నేర్పిన పాఠము

గాసిపాల్ వంటి పదార్థములు శరీరములో కణములను తుప్పువలె తినివేయు చర్యను పెంచును. ఇనుపగొర్రుకు నూనె పూసినచో తుప్పు పట్టనట్లే, కణములను ఈ చర్య నుండి కాపాడు పదార్థములు కొన్ని కలవు. వీటినే ఆంటీ ఆక్సిడెంట్లు అందురు. విటమిను-ఇ అందులో ముఖ్యమైనది.

ఈ విటమిను బయటపడినది చూడి ఎలుకల వలననే. 1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఇవాన్స్, బిషప్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఎలుకలకు శుద్ధిచేసిన మేత మాత్రమే పెట్టి చూచిరి. ఎలుకలు బాగుగనే పెరిగినవి, చూలు కట్టినవి. కాని కడుపులోని పిల్లలు నిలువలేదు. మేతలో పచ్చని లెట్యూస్ ఆకు కలిపిన పిమ్మట పిల్లలు దక్కినవి. ఆకులోని ఆ పదార్థమునకే తరువాత టోకోఫెరాల్ అని పేరు వచ్చినది. గ్రీకు భాషలో కాన్పును మోయునది అని దాని భావము.

గాసిపాల్‌కు విటమిను-ఇ విరుగుడుగా పనిచేయునా అని ఫ్లారిడాలో కోడెలపై పరీక్షించిరి. 1998లో ప్రచురించిన ఆ ఫలితముల ప్రకారము పత్తిచెక్క తిన్న కోడెల వీర్యము దెబ్బతిన్నది. అదే చెక్కతో దినమునకు 4000 యూనిట్ల విటమిను-ఇ తిన్న కోడెలలో ఆ హాని చాలవరకు తగ్గినది. ఇది కోడెలలో తేలిన సంగతి. చూడి పశువుకు చెక్కను మితము చేయుటే మొదటి రక్ష, పచ్చిమేత రెండవది.

వేసవిలోనే ప్రమాదము

విటమిను-ఇ, కెరోటిన్ పచ్చి ఆకులో పుష్కలముగా ఉండును. ఎండలో ఎండిన కొలది నశించును. నిలువయున్న జొన్న చొప్పలో ఇవి మిగులునది స్వల్పమే. తుంగభద్ర దిగువ కాలువ క్రింది రైతుకు పచ్చిమేత కొంత దొరకవచ్చును. మెట్ట రైతుకు వేసవిలో చొప్ప, చెక్క మాత్రమే మిగులును. అంటే చెరుపు చేయు పదార్థము పెరిగిన నెలలలోనే దానిని అడ్డగించు పదార్థము తగ్గిపోవుచున్నది. అప్పుడు చూడితో నున్న బర్రె విషయములో మీరు ప్రత్యేకముగా జాగ్రత్త వహింపవలెను.

చేయవలసిన పనులు

1. చూడి పశువు దాణాలో పత్తిచెక్క నాలుగవ వంతుకు మించనీయరాదు. 100 కిలోల దాణాకు నలుగగొట్టిన జొన్న లేక మొక్కజొన్న 35, తవుడు 27, పత్తిచెక్క 20, వేరుశనగ చెక్క 15, ఖనిజ లవణ మిశ్రమము 2, ఉప్పు 1 కిలో చొప్పున కలుపవచ్చును.

2. బూజు పట్టిన చెక్కను, అది పత్తిదైనను వేరుశనగదైనను, ఏ పశువుకును పెట్టరాదు. బూజు విషము వేరు. అది పాలలోనికి కూడ దిగును.

3. పాలు మరువని దూడలకు పత్తిచెక్క గాని, పత్తిగింజలు గాని పెట్టరాదు.

4. చూడి పశువుకు దినమునకు కనీసము 5 కిలోల పచ్చిమేత అందునట్లు చూడుడు. బావి గట్టున, ఇంటి వాడుక నీరు పారు చోట నేపియర్ గడ్డి కణుపులు, అవిశ మొక్కలు నాటుకొనుడు. మునగాకు కూడ మేలైనదే.

5. వర్షకాలములో మిగులు మేతను పాతర వేయుడు. ఆకును ఎండబెట్టవలసి వచ్చినచో నీడన ఎండబెట్టుడు.

6. పచ్చిమేత కావలెనని నీటి ఎద్దడికి వాడిన లేత జొన్నను మేపరాదు. అది ప్రాణాంతకము.

పశువు ఈసుకుపోయినచో దానికి చెక్కయే కారణమని మీరే నిర్ణయింపరాదు. బ్రూసెల్లా వంటి అంటువ్యాధి వలన కూడ అట్లు జరుగును. అది మనుష్యులకును సోకును. పడిన పిండమును, మావిని వట్టి చేతులతో తాకక, కుక్కలకు అందనీయక, ఆ పశువును వేరుగా కట్టి, వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. ఇంతవరకు ఏయే దాణా ఎంతెంత పెట్టినదియు ఆయనకు చెప్పినచో కారణము కనుగొనుట సులభమగును.